గెలుపు లెక్కలే కాదు, గెలిచిన తీరూ రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా నౌకాదళ అధికారులను తయారుచేసే నేవల్ అకాడమీలో అమెరికన్ ఫుట్‌బాల్ (బంతి చేతబట్టి పరుగెత్తే ఆట) కోచ్‌లపై మీ వ్యాసంలో స్కోర్లు ఉన్నాయి, ఆట లేదు. 2002లో పాల్ జాన్సన్ కోచ్‌గా వచ్చేనాటికి, అంతకుముందు రెండు సీజన్లలో ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. డిగ్రీ తరువాత కనీసం 5 ఏళ్లు నౌకాదళంలోనో మెరైన్స్‌లోనో పనిచేయాలి కాబట్టి, ప్రొఫెషనల్ లీగ్‌పై కన్నేసిన భారీకాయులు అక్కడ చేరరు. అందుకే ఆయన ట్రిపుల్ ఆప్షన్‌ను, అంటే ముగ్గురిలో బంతి ఎవరు తీసుకెళ్లాలో ప్రత్యర్థి కదలికను చూసి అప్పటికప్పుడు తేల్చే ఎత్తుగడను, నమ్ముకున్నారు.

అందులో అంచున ఉన్న డిఫెండర్‌ను కావాలనే అడ్డుకోరు. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్, మధ్యలోంచి దూసుకెళ్లే ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గర బంతి పెడతాడు. ఆ డిఫెండర్ లోపలికొస్తే బంతిని తనే లాక్కుంటాడు, బయటే ఆగితే ఫుల్‌బ్యాక్‌కు వదిలేస్తాడు. లాక్కున్నాక రెండో డిఫెండర్ మీదికొస్తే పక్కనే పరుగెత్తే మూడో ఆటగాడు స్లాట్‌బ్యాక్‌కు విసురుతాడు, లేదంటే తనే పరుగెడతాడు. ఇలా అడ్డుకోకుండా వదిలేసిన ఇద్దరి బదులు మిగతా డిఫెండర్లను అడ్డుకోవడానికి మనుషులు మిగులుతారు. ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గర క్షణం తటపటాయించినా బంతి జారిపోతుంది. స్కోరులో బాగా వెనకబడితే మరీ కష్టం, పరుగుతో గడియారం కరిగిపోతుంది.

2007లో నోట్రడామ్ విశ్వవిద్యాలయ జట్టుపై 46–44 గెలుపుతో, ఆ జట్టు చేతిలో 43 వరుస ఓటములకు తెరపడింది. తరువాత వచ్చిన కెన్ నియుమాటలోలో 109 విజయాలతో అకాడమీ రికార్డు నెలకొల్పారు. ఆయన చివరి సీజన్ 2022లోనే, అంచుల్లో ప్రత్యర్థిని నడుము కింద అడ్డుకోవడాన్ని కళాశాల ఫుట్‌బాల్ నిబంధనలు నిషేధించాయి. అలా అడ్డుకోవడమే ట్రిపుల్ ఆప్షన్‌కు ఆయువుపట్టు. ఆ నిబంధన ప్రస్తావన లేకుండా ఆయన ఉద్వాసన గురించి రాయడం అన్యాయం.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం