సైనైడ్ దిబ్బల్ని మళ్లీ తవ్వేముందు: కోలార్ డిప్యూటీ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి, బంగారం తీశాక మిగిలిన మట్టిని పోసిన దిబ్బలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎండాకాలం గాలి లేస్తే ఆ సన్నటి బూడిదరంగు పొడి ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల మీద పడుతుంది. ఇప్పుడు ఆ మట్టిలో మిగిలిన బంగారం తీస్తామంటున్నారు. పని దొరుకుతుందంటే మాకూ సంతోషమే. కానీ ఎలా తీస్తారన్నదే మా టెన్షన్.

మట్టిని నీళ్లలో కలిపి, పలచటి సోడియం సైనైడ్ పోసి, గాలి పంపితే బంగారం కరుగుతుంది. దాన్ని యాక్టివేటెడ్ కార్బన్‌తో, అంటే ఒక రకం బొగ్గుతో, పడతారు. అంతసేపూ పీహెచ్ (ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే కొలత) 10కి పైనే ఉండాలి, అందుకే సున్నం కలుపుతారు. సున్నం తగ్గితే హైడ్రోజన్ సైనైడ్ అనే విషవాయువు లేస్తుంది. ఏళ్ల తరబడి వానకు తడిసిన పాత దిబ్బల్లో సల్ఫైడ్లు (గంధకం కలిసిన ఖనిజాలు) ఆమ్లంగా మారి ఉంటాయి, అందుకే ఆ దిబ్బలు సున్నం మామూలుకన్నా ఎక్కువే తాగుతాయి. దయచేసి ఈ లెక్క కాంట్రాక్టరుకే వదిలేయకండి.

2000 జనవరిలో రొమేనియాలోని బాయా మారేలో గని వ్యర్థాల చెరువు కట్ట తెగి, దాదాపు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీళ్లు నదుల్లో కలిశాయి. టిస్సా నదిలో చేపలు గుట్టలుగా చచ్చిపోయాయి. అక్కడ తీస్తున్నదీ పాత దిబ్బల్లో బంగారమే!

వాడిన నీళ్లలో సైనైడ్‌ను విరగ్గొట్టాకే వ్యర్థాల చెరువులోకి వదలాలి. ఆ చెరువుకు అడుగున నీళ్లు ఇంకకుండా లైనింగ్ వేయించండి. బోరునీళ్లలో సైనైడ్, ఆర్సెనిక్, సీసం ఎంతున్నాయో పని మొదలుకాకముందే పరీక్ష చేయించి, కన్నడ, తమిళం, తెలుగుల్లో వార్డువార్డునా అంటించండి.

ఇట్లు,
రాబర్ట్‌సన్‌పేట నివాసి