541 నీ ఫోన్ వచ్చాక

చి.ల.సౌ. అమ్మడికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. కాలవలకి నీళ్ళొదిలారు. ఊడుపులకి మనుషులు దొరకట్లేదని బుల్లబ్బాయి రోజూ మన అరుగు మీద కూర్చుని గొణుగుతున్నాడు. కొబ్బరి దింపు తీయించాను. కాయ బానే ఉంది, ధర సంగతి మాత్రం అడక్కు. మీ అమ్మ మోకాలు నెప్పి కాస్త నెమ్మదించింది. నువ్వు ఫోన్ చేసి 43 రోజులైంది. ఊరికే చెప్పాను. లెక్కపెట్టడం నా పాత జబ్బని నీకు తెలుసుగా.

మొన్న అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో రంగమ్మత్త మరిది ఎదురుపడి, "ఏవండీ, మీ అమ్మాయి అమెరికాలో ఇనప్పెట్టెలు తెరవడం నేర్చుకుంటోందటగా, ఉజ్జోగం మానేసిందా ఏంటి?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత కాయల లెక్క మూడుసార్లు తప్పాను. ఎవరు చెప్పారని అడగలేదు. మీ పిన్ని నోరు నాకు తెలియనిదా.

పోనీలే. పెరట్లో పనసచెట్టు ఈసారి విరగకాసింది. తొనలు పంపుదామంటే అక్కడికి చేరేసరికి ఏమవుతాయో! పూతరేకులు పంపిస్తాను, ఆత్రేయపురం నుంచి సత్తిపండు తెస్తానన్నాడు. బెల్లంవే తెమ్మన్నాను.

నువ్వు వీడియోలో చూపించింది నాకు అర్థం కాలేదనుకోకు. చెక్కకి బిగించిన తాళం, వెనకాల మూడు చక్రాలు, ఒక్కోదానికి ఒక గాడి. మూడు గాళ్ళూ ఒక వరసలోకొస్తే పైనున్న పట్టీ అందులో పడుతుంది, అప్పుడు గడియ కదులుతుంది. డయల్ మీద 100 గీతలు, అంటే చెప్పుకోడానికి 10 లక్షల నంబర్లు. సినిమాల్లోలాగా స్టెతస్కోపు పెట్టి టిక్కు వినడం కాదు నాన్నా, ఏ రెండు చక్రాలూ అచ్చంగా ఒక్క కొలతలో ఉండవు, ఆ వెంట్రుకవాసి తేడా వేలికి తెలియాలి అన్నావు. రెండున్నర గీతలకోసారి చక్రాలు జరిపి, ఆ పట్టీని మోసే లివరు ముక్కు, డయల్‌తో పాటు తిరిగే మరో చక్రం గాడిలో ఎడమ పక్క ఎక్కడ తగిలిందో, కుడి పక్క ఎక్కడ తగిలిందో రాసుకున్నావు. అలా 40 చోట్ల. ఆ రెంటి మధ్య ఎడం ఎక్కడ సన్నబడితే అక్కడ ఏదో ఒక చక్రం గాడి ఉండొచ్చట. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి చూపించావు. కొట్టివేతలు లేవు, తేదీలతో సహా ఉన్నాయి. మా సహకార సొసైటీలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు డేబుక్కు అలా రాసి ఉంటే నా జుట్టు ఇంత తొందరగా నెరిసేది కాదు.

ఆ భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ సంగతి కూడా గుర్తుంది. అమెరికావాళ్ళు అణుబాంబు తయారుచేసిన లాస్ అలమోస్‌లో రహస్య కాగితాలున్న బీరువాలు తెరిచి తోటివాళ్ళని ఆటపట్టించాడన్నావు. సొరుగు తెరిచి ఉన్నప్పుడు కబుర్లు చెబుతూనే డయల్ తిప్పి చివరి రెండు నంబర్లు పట్టేసేవాడట. కొన్ని తాళాలకైతే ఫ్యాక్టరీ నంబరు మార్చనే లేదట! నువ్వు పకపకా నవ్వావు. నాకు నవ్వు రాలేదు. 31 ఏళ్ళు క్యాషియర్‌గా చేసినవాణ్ణి, ఆ నంబరు మార్చని ఉద్యోగి ఎవడో వాడి మీద కోపం వచ్చింది.

1996 తుపాను నీకు కథగానే తెలుసు. ఉయ్యాల్లో ఉన్నావప్పుడు. నవంబరు 6 రాత్రి. తెల్లారేసరికి కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు పడుకున్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. సొసైటీ పెంకులు లేచిపోయాయి, పెట్టె మాత్రం కదల్లేదు. దానికి రెండు తాళాలు, ఒకటి నా దగ్గర, ఒకటి మేనేజరు దగ్గర. ఆయన ఇంటి గోడ కూలి తాళంచెవి మట్టిలో కలిసిపోయింది. మనిషి బతికాడు, అదే చాలు. మారుచెవి అమలాపురంలో ఉంది, దారి పొడుగునా చెట్లే. పెట్టెలో రైతులు తాకట్టు పెట్టిన బంగారం. ఇళ్ళు పోయినవాళ్ళు వచ్చి, "నీ దగ్గర చెవి ఉందిగా, తియ్యవయ్యా" అనేవారు. ఒక్కదానితో తెరుచుకోదంటే నమ్మేవారు కాదు. బియ్యం బస్తాల మీద అక్కడే పడుకున్నాను. మీ తాతయ్య పడిన చెట్ల మీంచి దాటుకుంటూ క్యారియరు తెచ్చేవాడు, ఆ వయసులో. చద్దన్నం, మాగాయ. ఒకరోజు జారి పడ్డాడు. క్యారియరు మాత్రం ఒలకనివ్వలేదు, అదీ మీ తాతయ్య. ఆరోనాడు చెవి వచ్చింది. పొట్లాలన్నీ తడిశాయి. ఇద్దరు సాక్షుల్ని పెట్టి, పుస్తకంతో సరిచూసి ఒక్కొక్కటే విప్పాం. ఒక్క ఎత్తు తేడా రాలేదు. కానీ ఒక ముసలావిడ తన నానుతాడు అరచేతిలో ఎగరేసి చూసుకుంటూ నా మొహంలోకి చూసింది. ఆవిడ తూచింది నానుతాడుని కాదు.

ఆ రోజు ఫోన్లో "దొంగపనులు నేర్చుకోడానికా నిన్ను పంపింది" అన్నాను కదా. ఆవిడ చూపే నా నోట్లోంచి వచ్చింది, తల్లీ. నీ గ్రాఫు చూసి ముచ్చటేసిందని చెప్పాల్సిన చోట అది చెప్పాను.

అయినా కొన్ని చెప్పాలి. కొన్న తాళానికి బిల్లు దాచు. నీది కాని తాళం, వాడుకలో ఉన్న తాళం ముట్టుకోకూడదని సరదాకి తాళాలు తీసే మీవాళ్ళు పెట్టుకున్న నియమం బాగుంది, దాన్ని తప్పకు. స్నేహితులెవరైనా మా మావయ్య పెట్టె తెరుచుకోవట్లేదంటే మొహమాటపడి వెళ్ళకు. వెళ్ళాల్సొస్తే ఆ పెట్టె వాళ్ళదేనని కాగితం రాయించుకో, సంతకం, తేదీ. గంటలకొద్దీ వంగి కూర్చోకు, నీకు అసలే నడుం నెప్పి. దీపం ఎడమ పక్క పెట్టుకో. రాత్రి తిన్నాకే ఆ డయల్ ముట్టుకో. పెరుగన్నం తింటున్నావా లేదా?

మీ అమ్మకి చెప్పకు గానీ, ఆవిడ పెళ్ళినాటి సూట్‌కేసు అటక మీంచి దింపాను. నంబరు తాళాలు, రెండు పక్కలా మూడేసి అంకెలు. నంబరు మర్చిపోయి ఏళ్ళయింది. లోపలేముందో ఆవిడకీ గుర్తులేదు, లేదా నాకు చెప్పట్లేదు. ఎడమది 000 నుంచి మొదలుపెడితే 286 దగ్గర తెరుచుకుంది. కుడిదీ అదే అయ్యుంటుందని చూశాను, కాదు. స్క్రూడ్రైవరు పెట్టి లేపెయ్యమన్నాడు బుల్లబ్బాయి. అరుగు దిగి ఇంటికి పొమ్మన్నాను. ఇప్పటికి 540 దాకా వచ్చాను. బొత్తాం కాస్త నొక్కిపట్టి తిప్పుతుంటే మధ్య చక్రం మిగతా రెంటికంటే బిగుస్తోంది. అలా బిగిస్తే దాన్ని వదిలెయ్యాలా, దాన్నే పట్టుకోవాలా? 541 నువ్వు ఫోన్ చేశాక తిప్పుతాను. మధ్యాహ్నం నిద్రపోవట్లేదు, ఎప్పుడైనా చెయ్యి.

ఇట్లు
నాన్న