అమ్మడికి నాన్న ఉత్తరం

చిక్కడపల్లి, ఆదివారం

అమ్మడూ,

ఫోనెత్తడం లేదు, మెసేజ్ చూసినట్టు రెండు టిక్కులు పడతాయి గానీ జవాబుండదు. అందుకే రాస్తున్నా. ఇక్కడంతా క్షేమం. కరివేపాకు బాగా చిగురేసింది, అమ్మ పొడి కొట్టింది. అన్నట్టు, నువ్వు వెన్ను ఆపరేషనప్పటి పాత చీటీ చూపించి, కండరాల బిగువు తగ్గించే టిజానిడిన్ మళ్లీ కొనుక్కున్నావని రఘు మీ అమ్మతో అన్నాడట. నిజమేనా?

ఆపరేషనయ్యాక వెన్నుకు అటూ ఇటూ కండరాలు బిగుసుకుంటాయి. ఆ మాత్ర ఆ బిగువుకే, అదీ కొద్ది రోజులకే. కాల్లోకి దిగే మంట నరానిది, దానికిది పనిచెయ్యదు. నరానికిచ్చిన ప్రెగాబలిన్‌తో కలిస్తే మత్తు ఇంకా ముదురుతుంది. స్కూటీ తాళాలు రఘుకిచ్చెయ్.

సూరిబాబాయి సంగతి నీకు సగమే తెలుసు. డిస్క్ ఆపరేషన్ తర్వాత రాత్రిపూట టిజానిడిన్ 2 మిల్లీగ్రాములు వేసుకునేవాడు. మూత్రంలో మంటంటే ఇంకో డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశాడు. టిజానిడిన్ సంగతి బాబాయి చెప్పలేదు, ఆ డాక్టరు అడగలేదు. టిజానిడిన్‌ని కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమ్‌ని సిప్రో అడ్డుకుంటుంది, ఒంట్లో మందు సుమారు పదింతలవుతుంది. ఆ రాత్రి బాత్రూమ్‌కని లేచినవాడు బీపీ పడిపోయి గడప దగ్గరే కూలాడు. పిన్ని లైటేసేసరికి చెమటతో చొక్కా తడిసిపోయి ఉంది, పిలిస్తే పలకలేదు. ఆ రెండూ కలిపి వాడనే కూడదు తల్లీ.

నీ మాత్రలో నొప్పి తగ్గించే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ 325 కూడా ఉన్నాయేమో స్ట్రిప్పు వెనక చదువు. ఉంటే జ్వరమని మళ్లీ డోలో వేసెయ్యకు, అదీ పారాసిటమాలే, రోజు మొత్తం లెక్క కట్టు. ఖాళీ కడుపున వద్దు. పొద్దున టిఫిన్ మానేసే అలవాటు ఇంకా పోలేదుగా నీకు!

ఇన్నాళ్లూ ఎన్ని వేశావో రాసి సర్జన్‌కి చూపించు. ఎక్కువ మోతాదు చాలా రోజులు వాడి ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగబాకుతుంది, ఆయన చెప్పినట్టే తగ్గించు. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు దించి, మోచేత్తో తోసుకుని కూర్చో. తల తిరగడం లేదనుకున్నాకే నిలబడు. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా ఇంకో మాత్ర మింగి పడుకోకు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లు.

బుధవారం పొడి పట్టుకుని నేనే వస్తున్నా. స్ట్రిప్పులు, చీటీలు అన్నీ తీసి ఉంచు. మియాపూర్ మెట్రో దిగి ఫోన్ చేస్తా, అప్పుడైనా ఎత్తు.

నాన్న