ఆ చక్రాల మంచం కొలత కూడా రాయి

చిన్నీకి, అమ్మ ఆశీస్సులు.

ఇల్లు చేరి వారం దాటింది. గ్లాస్గో నుంచి నువ్వు తిప్పిన చోట్లన్నీ ఒకెత్తు, న్యూ లానార్క్ అనే ఆ పాత నూలు మిల్లు ఊరొక్కటీ ఒకెత్తు. అక్కడి జలపాతం ఎలా ఉందని మీ నాన్న అడిగితే నాకు ముందు ఆ మంచమే గుర్తొచ్చింది.

మిల్లు పనివాళ్ల ఇంట్లో గోడలో అమర్చిన పెద్ద మంచం, పగలు దాని కిందికి తోసేసే చక్రాల మంచం. రాత్రి దాన్ని బయటికి లాగితే ఇక కాలు పెట్టడానికి చోటేది? వంటా అక్కడే, బాలింతా అక్కడే. బొగ్గుగనుల క్వార్టర్లో ఆరుగురి మధ్య పెరిగినదాన్ని కదా, నాకు ఆ లెక్కలే తోచాయి.

నువ్వేమో ఆ గోడల రాయి చూడమ్మా, ఇళ్ల వరస చూడమ్మా అన్నావు. నిజమే, రెండు వందల ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. 1791లో అమెరికాకు బయల్దేరిన స్కాట్లాండ్ స్కై దీవి జనాన్ని తుఫాను గ్రీనాక్ రేవుకు తోసేస్తే, మిల్లు యజమాని డేవిడ్ డేల్ పని ఇస్తానన్నాడని, చాలామంది ఆగిపోయారని నువ్వు చెప్పినప్పుడు నా కళ్లు చెమర్చాయి. కెయిత్‌నెస్ రో అనే ఇళ్ల వరస పేరు కూడా అలా స్కాట్లాండ్ ఉత్తరాది నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లదేగా.

డేల్ తర్వాత వచ్చిన రాబర్ట్ ఓవెన్ అంటే నాకు గౌరవం. పదేళ్ల లోపు పిల్లల్ని పనిలోకి తీసుకోనన్నాడు, 1816లో పసివాళ్లకు బడి పెట్టాడు. కానీ శుభ్రత చూడ్డానికి ఇళ్లకు కమిటీ వస్తే కొందరు ఆడవాళ్లు మొహం మీదే తలుపేసి, "నల్లుల వేటగాళ్లు" అన్నారట. నేను వాళ్ల వైపే. పొద్దంతా మిల్లులో నిలబడి వచ్చిన మనిషి ఇంట్లో ఎవరో మూలలు వెతకడమేంటి? మన క్వార్టర్స్‌కి సార్లు వస్తున్నారంటే మీ అమ్మమ్మ ముందురోజే అన్నీ తోమి, లోపల్లోపల ఉడికిపోయేది.

1898 నుంచి ఆ ఇళ్లకు మిల్లు కరెంటు ఉచితంగా ఇచ్చేవారట, అయితే గదికో గుడ్డిదీపం లాంటి బల్బు, రాత్రి 10కి బంద్. శనివారం మాత్రం 11 దాకా. ఆ ఎక్కువ గంటలో ఎన్ని చిరుగులు కుట్టుకున్నారో! ఇంట్లో కుళాయి వచ్చింది 1933లో. మిల్లు మూతపడింది 1968లో.

నీ ప్రాజెక్టులో గోడల కొలతలతో పాటు ఆ చక్రాల మంచం కొలత కూడా రాయి. కుళాయి రాకముందు నీళ్లు ఎక్కడి నుంచి మోసేవాళ్లో, మెట్లు ఎన్నో, ఈసారి వెళ్లినప్పుడు కనుక్కుని ఫోన్లో చెప్పు.

అమ్మ