శనగ రకాలు పోల్చేవాళ్లకి ఒక మాట

అన్నా, నాగులుప్పలపాడు వైపు మన గ్రూప్ వాళ్లు ముగ్గురు నలుగురు ఈసారి జేజీ 11 రకం శనగ పక్కనే నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్ల ఎన్‌బీఈజీ 47 రకం కూడా వేశారంట కదా, కోసేముందు కాస్త ఆగండి. ఊరికే కంటికి గుబురుగా కనపడింది, ఇదే బాగుంది అంటే కుదరదు, పోయినేడు నేను అట్టాగే మోసపోయా, ఆకు బాగా పెరిగిన మడిలోనే కాయ తక్కువొచ్చింది.

గట్టు వారగా ఉన్న మొక్కలు వదిలేయండి, వాటికి చోటెక్కువ కాబట్టి ఎప్పుడూ బాగానే ఉంటాయి. లోపల మూడు చోట్ల పదేసి మొక్కలు తీసి ఎత్తు, కొమ్మలు, కాయలు లెక్కపెట్టండి. అడుగు కాయ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో చూడటం మర్చిపోవద్దు, 47 రకం నిటారుగా పెరిగి కాయ పైన కాస్తది కాబట్టే మిషన్ కోతకి పనికొస్తది, జేజీ 11 పొట్టిది, మిషన్ పెడితే అడుగు కాయలు చేలోనే మిగుల్తాయి.

తూకానికి 5 మీటర్లు బై 2 మీటర్లు తాడు కట్టి కొయ్యండి, ఎండబెట్టాక వచ్చిన కేజీల్ని 405తో గుణిస్తే ఎకరం లెక్క. రెండు కేజీలొస్తే 8 క్వింటాళ్లన్నమాట. 100 గింజల బరువు కూడా చూడండి, బంగారం కొట్టు కాటా అయితే మేలు (నవ్వకండి, నేను అక్కడే తూయించా).

విత్తిన తేదీ వేరైతే మాత్రం పోల్చొద్దు, మన నల్లరేగడిలో పదును (నేలలో తేమ) వారం తేడాకే మారిపోద్ది. లెక్కలు ఫోటో తీసి ఇక్కడే పెట్టండి.