టెన్షన్ భయంతో టెస్టోస్టిరాన్ వ్యాపారం

సంపాదకుడు గారికి,

టెన్షన్ వల్ల మగతనం పోతుందని భయపెట్టి పొడులు, ఇంజెక్షన్లు అంటగట్టే ప్రకటనలు ఫోన్లలోనూ బస్టాండు గోడల మీదా ఎక్కువైపోయాయి. వాళ్లు చెప్పేదాంట్లో పిసరంత నిజం ఉండటమే చిక్కు.

వృషణాల్లో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ని తయారుచేసేవి లేడిగ్ కణాలు. జర్మనీకి చెందిన ఫ్రాంజ్ లేడిగ్ 1850లో వీటిని వర్ణించాడు. ఒత్తిడిలో మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఒత్తిడి హార్మోన్‌ని, అంటే మనుషుల్లో కార్టిసాల్‌ని, ఎలుకల్లో కార్టికోస్టిరాన్‌ని, ఎక్కువగా వదులుతాయి. లేడిగ్ కణాల్లో ఈ హార్మోన్‌ని నిర్వీర్యం చేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. మామూలు రోజుల్లో అది సరిపోతుంది. హార్మోన్ మోతాదు దాని శక్తిని మించిపోతే మాత్రం ఎలుకల ప్రయోగాల్లో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిన్నాయి, కణాన్ని లోపలి నుంచే కూల్చే కాస్పేస్ ఎంజైములు పనిలోకి దిగాయి, కణం తనను తానే చంపుకుంది. దీన్నే అపోప్టోసిస్ అంటారు.

గమనించండి, ఇదంతా ఎలుకల సంగతి. ఈఎంఐ బెంగతోనో ఆఫీసు టెన్షన్‌తోనో మనిషి వృషణాల్లో కణాలు చచ్చిపోతున్నాయని చెప్పడానికి ఇది చాలదు. కుషింగ్స్ జబ్బులో లాగా కార్టిసాల్ చాలాకాలం బాగా ఎక్కువగా ఉంటే మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గుతుందన్నది నిజమే. కానీ అలాంటప్పుడు చూడాల్సింది డాక్టరు, జిమ్ ట్రైనర్ కాదు.

ఇంతకంటే ఘోరం, వాళ్లు అమ్మే మందే. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే, ఒంట్లో కావలసినంత ఉందనుకుని మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, వృషణాలతో పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను తగ్గించేస్తుంది. దాంతో వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది, కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది. మానేశాక కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఈలోగా ఇంట్లోవాళ్లు పిల్లలు పుట్టడం లేదని కోడలినే ఆస్పత్రుల చుట్టూ తిప్పుతుంటారు. కొడుకు ఏం పొడిపించుకుంటున్నాడో అడిగేవాళ్లు ఉండరు.

టెస్టోస్టిరాన్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. ఔషధ నియంత్రణ అధికారులు మందుల షాపులతో పాటు జిమ్‌లనూ తనిఖీ చేయాలి. పత్రికలు కూడా ఇలాంటి ప్రకటనలు తీసుకోవడం మానాలి. మీ జిల్లా పేజీల్లోనూ అవి అప్పుడప్పుడు కనబడుతున్నాయి.

— విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి