కొలత గది

చిత్తూరు
2 ఫిబ్రవరి 2025, ఆదివారం

నాయనా,

ఫోన్లో చెబుదామంటే నా మాట పూర్తి కానివ్వవు. "అమ్మా, ముందు మన మిషన్ షాపుకు వీఎంసీ, అదే ఆ కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ మిషను, కొనండి, లెక్కలు తర్వాత చూసుకుందాం" అంటావు. అట్లా తర్వాత చూసుకుందాం అన్నవాళ్ల షాపులు మన వీధిలోనే రెండు మూతపడ్డాయి, వాటి తాళాలు నువ్వూ చూశావు. అందుకే ఈ ఉత్తరం. ఎల్లుండి రథసప్తమి. కుర్రాడు తిరుమలకు పోతానని మూడు రోజులు సెలవు చెప్పి వెళ్లాడు. షాపు మూసే ఉంది, తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

నువ్వు ఆన్‌లైన్లో తీసి పంపిన పాసులతోనే జనవరి 24న బెంగళూరు ఇమ్‌టెక్స్ మిషన్ల మేళాకు పోయి వచ్చాం, నేనూ మన మిల్లింగ్ మేస్త్రీ అన్నా. మీ నాయన రానన్నాడు. బంగారుపాళ్యం దగ్గరి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ల పల్పర్ షాఫ్టులు రెండు షాపులో పడి ఉన్నాయి. తోతాపురి కాయ దిగేలోపల ఓవర్‌హాలింగ్ ముగించాలి కదా, ఆ పని సాకు. అసలు కారణం వేరే ఉంది, కిందికి వస్తే నీకే తెలుస్తుంది.

తెల్లవారుజామున నాలుగు గంటల బస్సు. పలమనేరు దాటేదాకా చలికి పళ్లు కొట్టుకున్నాయి. కె.ఆర్.పురంలో దిగి మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, మాదావర దాకా పోయాం. మొన్న నవంబరులోనే రైలును నాగసంద్ర నుంచి అక్కడికి పొడిగించారట, దిగితే ఎగ్జిబిషన్ పక్కనే. 1969 నుంచి జరుగుతున్న మేళా అది. బేసి సంవత్సరాల్లో లోహాన్ని చెక్కే మిషన్లు, సరి సంవత్సరాల్లో వంచేవీ నొక్కేవీ. మనకు ఈ ఏడే సరిపోయింది.

లోపలికి పోగానే నాకు వింతగా తోచింది ఏమిటంటే, చప్పుడు లేదు. అన్ని మిషన్లు తిరుగుతుంటే మన షాపులో అయితే ఒకరి మాట ఒకరికి వినపడదు. అక్కడ ప్రతిదానికీ అద్దాల తలుపు. లోపల కోసేచోటు వేడెక్కకుండా పాలలాంటి కూలెంట్ ధారగా పడుతుంటుంది, ఒక చుక్క బయటికి రాదు. ఆ కూలెంట్ మాట గుర్తు పెట్టుకో.

స్టాళ్లలో పిల్లలు మర్యాదస్తులే. నాకు మంచినీళ్ల బాటిల్ ఇచ్చి, మాట్లాడేది మాత్రం మేస్త్రీ అన్నతో. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు వచ్చు. నాలుగో స్టాల్లో నేనే అడిగాను, "స్పిండిల్ బేరింగ్ పోతే మీ మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, చిత్తూరుకు రావడానికి ఎన్నాళ్లు, ఆ నాళ్లకు నా కంతు ఎవరు కడతారు" అని. అప్పుడు కుర్చీ వేశారు.

చూడాల్సినవన్నీ చూశాం. ఐదు యాక్సిస్‌ల మిషను ఒకటి అల్యూమినియం దిమ్మలోంచి పంపు ఇంపెల్లర్‌ను తొలుస్తోంది. దిమ్మను ఒక్కసారి బిగిస్తే చాలు, బల్లే వంగుతుంది, తిరుగుతుంది, టూల్ ఏ మూలకైనా అందుకుంటుంది. మేస్త్రీ అన్న పావుగంట అక్కడి నుంచి కదల్లేదు. "నేనైతే దీన్ని ఆరుసార్లు విప్పి బిగించాల" అన్నాడు. మనసు కాస్త కష్టపెట్టుకున్నట్టే ఉంది, నేను టీ తాగుదాం రమ్మని లాక్కొచ్చా.

లోహాన్ని ప్రింటు చేసేది కూడా ఉంది. సన్నటి లోహప్పొడిని పొరగా పరుస్తుంది, కావలసిన చోట లేజరుతో కరిగిస్తుంది, దాని మీద మళ్లీ పొర. ఒక్కో పొర 30, 40 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా పలచన. ముగ్గు వేసినట్టే ఉంటుంది, కాకపోతే వేల ముగ్గులు ఒకదాని మీద ఒకటి. చూడ్డానికి బాగుంది, మన పనికి కాదు. మనిషి పక్కనే పనిచేసే రోబో చెయ్యి దగ్గర ఒక పిల్లాడు "ముట్టుకోండి మేడమ్, తగిలితే ఆగిపోతుంది" అన్నాడు. అలవాటు కొద్దీ కొంగు బొడ్లో దోపుకుని, చెయ్యి అడ్డం పెట్టా. నిజంగానే ఆగింది. ముక్కను గిరగిరా తిప్పి కోసే మన లేత్ అట్లా ఆగదు. షాపులో కొంగు దోపుకోకుండా నేను అడుగు వెయ్యనిది అందుకే కదా.

నువ్వు నోరు తెరిస్తే చాలు, ఇండస్ట్రీ 4.0 అంటావు, మిషన్లన్నీ నెట్‌తో కలిపి నడపాలంటావు. ఆ మాట లోకానికి మొదట వినిపించింది కూడా ఒక మేళాలోనేనట, 2011లో జర్మనీలోని హానోవర్‌లో. ఆ మేళా మొదలైంది 1947లో, యుద్ధంలో చితికిపోయిన దేశం నాలుగు వస్తువులు బయటికి అమ్ముకుందామని. సరే, ఆ 4.0 మన షాపుకు ఎట్లా వస్తుందని అడిగితే ఒక చిన్న డబ్బా చూపించారు. మోటారు వైరుకు తగిలిస్తే కరెంటు ఎంత తీసుకుంటున్నదో కొలిచి, లేత్ ఎప్పుడు కోస్తోంది, ఎప్పుడు ఊరికే ఉంది అన్నది ఫోన్లో చూపిస్తుంది. నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ డబ్బా పని నా నోటు పుస్తకం చేస్తోంది. ఇంటికొచ్చి జనవరి పేజీలు కూడితే తేలింది ఇది: ఎనిమిది గంటల్లో మన లేత్ నిజంగా లోహం కోసేది మూడు గంటలు కూడా లేదు. తక్కినదంతా టూల్ వెతకడం, డయల్ పెట్టుకోవడం, విప్పడం, బిగించడం, కరెంటు పోవడం, సరుకు రాకపోవడం. ఈ అలవాట్లతోనే వీఎంసీ కొంటే అదీ ఐదు గంటలు కూర్చునే ఉంటుంది, కూర్చున్నందుకు కంతు మాత్రం నడుస్తుంది.

వాళ్లు చెప్పిన ధర 28 లక్షలు. పదిన్నర వడ్డీకి ఐదేళ్లంటే నెలకు అరవై వేల పైమాట. నిన్న బడ్జెట్లో చిన్న పరిశ్రమల అప్పుకు ఇచ్చే పూచీ హద్దును 5 కోట్ల నుంచి 10 కోట్లకు పెంచారని మీ మామ ఫోన్ చేసి మరీ చెప్పాడు. పూచీ ప్రభుత్వానిది కావచ్చు, కంతు మనదే. పైగా మనకు వచ్చే పని ఎట్లాంటిది? అర్ధరాత్రి ఫ్యాక్టరీలో షాఫ్టు విరుగుతుంది, తెల్లారేసరికి ఒక్కటి చేసివ్వాలి. ఒక్క ముక్కకు ప్రోగ్రాము రాసి, సెట్టింగు చేసేలోపల మీ నాయన పాత హెచ్‌ఎంటీ లేత్ మీద పని ముగించి కాఫీ తాగుతాడు. ఒకే రకం ముక్కలు వందల్లో, నెల నెలా చేసేవాళ్లకే ఆ మిషన్ గిట్టుబాటు.

"వందల్లో పని ఎందుకు తేలేదు" అని నువ్వు అడుగుతావని తెలుసు. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా.

మధ్యాహ్నం మూడు దాటాక కొలత పరికరాల వైపు పోయాం. ఒక అద్దాల గది, లోపల నల్లరాతి బల్ల, పైనుంచి సన్న పుల్ల దిగి ముక్కను అక్కడక్కడ తాకి కొలతలు రాసుకుంటోంది. గోడకు 20 డిగ్రీలు అని చూపించే మీటరు. చల్లదనం కోసం ఏసీ పెట్టారనుకున్నా. అక్కడ నిలబడ్డది మదనపల్లె అమ్మాయి, తెలుగు వినగానే ముఖం వికసించింది. "చల్లదనానికి కాదమ్మా, డ్రాయింగు మీద రాసే కొలత ఏదైనా 20 డిగ్రీల దగ్గర ఉండాల్సిన కొలతే. ప్రపంచమంతా అదే లెక్క" అంది. అదే ఊపులో, స్టెయిన్‌లెస్ మామూలు ఇనుము కన్నా ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుందని, 50 మిల్లీమీటర్ల ముక్క 30 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో నూరో వంతులు రెండున్నర పెరుగుతుందని వేళ్ల మీద లెక్కేసి చెప్పింది.

నాకు గుండె ఝల్లుమంది. 50 మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్. రెండున్నర.

2022 ఏప్రిల్ నీకు గుర్తుందా? శ్రీసిటీ దిక్కు కంపెనీ ఒకటి నమ్మి ఇచ్చిన 200 బుష్షులు, షాఫ్టుకు తొడిగే గొట్టం ముక్కలు. 64 తిప్పి పంపారు, సైజు తక్కువని. రెండు, మూడు నూరో వంతులు తక్కువ. వాళ్లను అనడానికి లేదు, కొలిచి, కాగితం మీద రాసి మరీ పంపారు. నువ్వు లేత్ అరిగిపోయిందన్నావు. మీ నాయన తన కన్ను, తన చెయ్యి పోయాయన్నాడు. ఆ తర్వాత వందల్లో వచ్చే పని ఏదీ ముట్టుకోలేదు, రిపేర్లు చాలన్నాడు. మేళాకు రాకపోవడానికి కారణం కూడా అదే, పైకి చెప్పడు.

మరుసటి రోజు పొద్దున ఆ ఏడాది పుస్తకం తీశా. పాతికేసి చొప్పున ఎనిమిది సంచులు, ఏ సంచి ఏ పూట చేసిందీ రాసి ఉంది. తిప్పి పంపిన 64లో 58 మధ్యాహ్నం సంచుల్లోవి. ఎండలో, రేకుల కింద, ముక్క లేత్ చక్‌లో బిగించి ఉండగానే కాలే కాలే, గీతకో నూరో వంతు చూపే మైక్రోమీటరు పెట్టి కొలిచాడు. వేడి మీద సరిగ్గానే ఉంది, చల్లారి వాళ్ల ఏసీ గదికి పోయాక చిక్కిపోయింది. అదే పేజీ అడుగున నా చేతిరాత: "కూలెంట్ పంపు మోటారు కాలింది, 3,200. వచ్చే నెల చూద్దాం."

వాయిదా వేసింది నేను. ఎందుకు వేశానో కూడా గుర్తు లేదు. ఆ వారమంతా ఆయన కూలెంట్ లేకుండా పొడిగా కోశాడు. మూడేళ్లు తన చెయ్యి పోయిందనుకున్నాడు.

చెప్పేశాను. పుస్తకం ముందు పెట్టి, నా రాత మీద వేలు పెట్టి చూపించాను. చాలాసేపు ఆ పేజీనే చూశాడు. తర్వాత, "ఐదో సంచి మధ్యాహ్నం కాదు, పొద్దున చేసినా. నువ్వే తప్పు రాసినావు" అన్నాడు. అంతే. ఆ ఒక్క సంచి మీద అరగంట వాదించుకున్నాం.

ఆ అమ్మాయి ఇంకో మాట చెప్పింది. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో విట్‌వర్త్ అనే ఆయన అంగుళంలో పది లక్షల వంతును పట్టుకునే కొలత యంత్రం పెట్టాడట. మన ఇంట్లో విట్‌వర్త్ అంటే ఒక మర పేరే కదా, పాత గుజ్జు మిషన్ల బోల్టులకు ఉండే 55 డిగ్రీల మర. అది మనిషి పేరని మీ నాయనకూ తెలియదు. మర గేజీ తీసి తుడిచి మళ్లీ డ్రాయర్లో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మేము అనుకున్నది విను. స్క్రాపు వేసే మూల గదిని ఖాళీ చేసి, సీలింగు వేసి, చిన్న ఏసీ పెడతాం. చేసిన ముక్కలు అక్కడ రెండు గంటలు పెట్టాకే కొలత. మంచి మైక్రోమీటర్లు, వాటిని సరిచూసే గేజీలు. లేత్‌కూ మిల్లింగ్‌కూ టూల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపే డిజిటల్ రీడౌట్లు, డయల్ లెక్కపెట్టే టైము మిగులుతుంది. కూలెంట్ పంపులు రెండు, ఒకటి స్పేర్. అంతా కలిపి రెండున్నర లక్షల్లో పడుతుంది, అప్పు లేకుండా. శ్రీసిటీ వాళ్లకు ఐదు బుష్షులు శాంపిల్ పంపుతామని మెయిల్ పెట్టా, ఇంకా జవాబు లేదు. పని ఒప్పుకుని, నెల నెలా ఆర్డరు నిలబడితే, అప్పుడు వీఎంసీ కాదు, ముందు ప్రోగ్రాముతో నడిచే చిన్న సీఎన్‌సీ లేత్ గురించి మాట్లాడదాం. ఆ ప్రోగ్రాములు నువ్వే రాసివ్వాలి, ఇప్పుడే చెబుతున్నా.

ఉగాది మార్చి 30, ఆదివారం పడింది. శనివారం రాత్రికే వచ్చేలా టికెట్టు చూసుకో. 50 నుంచి 75 మిల్లీమీటర్లు కొలిచే మైక్రోమీటరు మీ పూణేలో ఎంతకు దొరుకుతుందో కనుక్కో, ఇక్కడ చెప్పిన ధర నాకు నచ్చలేదు.

నా బిల్లుల మీద బరువుకు పెట్టుకున్న బుష్షు ఉంది కదా, ఆ 64లోది. నిన్న మధ్యాహ్నం అది కనపడలేదు. చూస్తే మీ నాయన దాన్ని గుమ్మం ముందు ఎండలో పెట్టి కాపలా కూర్చున్నాడు. గంట తర్వాత కొలిచాడు. తీసుకుపోయి తాగే నీళ్ల కుండలో వేశాడు. నేను అరుస్తూనే ఉన్నా. తీసి తుడిచి, మళ్లీ కొలిచి, నన్ను పిలిచి మైక్రోమీటరు నా చేతికి ఇచ్చాడు. రెండు గీతల తేడా.

కుండ కడిగించాను ఆయన చేతనే.

అమ్మ